నేను చెప్పని వరదగుడి

కళింగపట్నం స్కూల్లో టీచరుగా చేరిన కొత్తలో నేను అద్దెకు దిగిన ఇల్లు సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉండేది. ముందు గది నాది. వెనక రెండు గదులూ, పెరడూ ఇంటావిడవి. అరవై దాటిన మనిషి, భర్త పోయి చాలా ఏళ్లయింది. కూతురు పక్క వీధిలోనే కాపురం ఉండేది. తల్లీకూతుళ్లు పడవల దగ్గర పచ్చి చేపలు కొని, ఇసుక మీద ఎండబెట్టి అమ్ముకునేవారు. నేనావిణ్ణి పెద్దమ్మా అనేదాన్ని. ఆవిడ నన్ను పంతులమ్మా అనేది.

చేరిన మర్నాడు పొద్దున్న పళ్లు తోముకుంటూ పెరట్లోకి వచ్చాను. పెద్దమ్మ నూతి పక్కన నిలబడి, తల వెనక్కి వాల్చి, ముఖం ఆకాశం వైపు పెట్టి ఉంది. కళ్లు మాత్రం మూసుకునే ఉన్నాయి. నా అడుగుల చప్పుడు విని అడిగింది.

"పంతులమ్మా, మబ్బెలగున్నాదమ్మా?"

నేను పైకి ఒకసారి చూసి, "మబ్బుగానే ఉంది పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ నవ్వేసింది. "మబ్బు మబ్బుగుందంటే ఎలగమ్మా? సేపలొచ్చినాయంటే ఏ సేపలని అడగమేటి? నెత్తళ్ళా, కానాగంతలా, సందువాలా? అలగే ఇదీని. ఏ మబ్బు?"

ఏ మబ్బో నాకు తెలీదు. కోటబొమ్మాళి దగ్గర పల్లెలో వరి పండించే ఇంట్లో పుట్టాను. మా ఇంట్లో మబ్బులు రెండే రకాలు. కురిసేది, కురవనిది. ఆ మాటే చెబితే, "అది కురిసినాక తెలిసేది గదా. కురవకముందు సెప్పాల" అంది.

అప్పుడు తెలిసింది, ఆవిడకి చూపు పోతోందని. నీటికాసులట. శ్రీకాకుళంలో పెద్ద డాక్టరుకి చూపిస్తే, పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్నైనా నిలబెట్టుకోవాలి అని కంట్లో వేసుకునే చుక్కల మందు రాసి పంపించాడట. చుట్టూ చీకటి మూసుకొచ్చి, ఎదురుగా బొట్టుబిళ్లంత మేర మాత్రం కనిపిస్తుందని చెప్పింది.

"ఆ కంతలోంచి సేప కనబడతాది. నీ ముక్కు కనబడతాది. ఆకాశం పట్టదమ్మా."

కూతురు తెల్లవారుజామునే పడవల దగ్గరికి వెళ్లిపోతుంది. ఎండెయ్యాలా, ఉప్పులో పెట్టాలా అనేది పెద్దమ్మ ఇక్కడ తేల్చుకోవాలి. ఎండ కాస్తే ఇసుక మీద పాత వల పరిచి చేపలు ఆరబోస్తారు. కాయదనుకుంటే ఉప్పు పట్టించి తొట్టెలో వేస్తారు. ఉప్పుచేపకి అంత గిరాకీ ఉండదు. అందుకని ప్రతి పొద్దూ ఆకాశాన్ని అడిగి గానీ చేప మీద చెయ్యి వెయ్యరు. నేను దిగేవరకూ ఆవిడ దారిన పోయేవాళ్లని అడిగేదిట. వాళ్లూ నాలాగే, "మబ్బుగుంది" అని పోయేవారట.

అలా ఆ ఇంటి ఆకాశం నా చేతికి వచ్చింది.

మొదట్లో ఆవిడ ప్రశ్నలకి నేను సరిగ్గా నిలబడలేకపోయేదాన్ని. అంచు కోసినట్టుందా, పీకినట్టుందా? అడుగు సదునుగా ఉందా? ఏ పక్కనుంచి ఏ పక్కకి పోతోంది? నీ నీడ నేల మీద గట్టిగా పడుతోందా, పల్చగా పడుతోందా? నేను నేల మీద నా నీడ చూసుకుని, పైకి చూసి, మళ్లీ కిందికి చూసి చెప్పేదాన్ని. ఆవిడ కళ్లు మూసుకుని విని, కాసేపటికి ఒక పేరు చెప్పేది. ఆ పేర్లు ఆ ఊరివో, వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నవో, ఆవిడే పెట్టుకున్నవో ఇప్పటికీ నాకు తెలీదు.

అడుగు సదునుగా ఉండి పైన బొద్దుగా, తెల్లగా విడివిడిగా తేలేది దూదిమబ్బు. అది ఉన్నా పరవాలేదు, ఎండకి అడ్డం రాదు. బాగా ఎత్తున, సన్నగా, కొంగ ఈక నీలంలో అతుక్కుపోయినట్టు ఉండేది ఈకమబ్బు. దాని కొస వంకీ తిరిగిందా అని అడిగేది. తిరిగితే రెండు రోజుల్లో గాలి మారుతుంది. ఒకరోజు ఆకాశమంతా చిన్న చిన్న తునకలు వరసలు కట్టి ఉన్నాయంటే, "పొలుసుమబ్బు" అంది చటుక్కున. "పొలుసు సిన్నదా పెద్దదా? నెత్తలి పొలుసులాగుంటే భయం లేదు. బొచ్చెపొలుసులాగుంటే రేపటికి సూసుకోవాల."

నాకు బాగా నచ్చింది గంజిమబ్బు. ఆకాశం మొత్తం పల్చటి గంజి పోసినట్టు తెల్లబడిపోయి, అందులోంచి సూర్యుడు కనబడీ కనబడనట్టు ఉంటాడు. వెలుగు ఉంటుంది, ఎండ ఉండదు. నీడలు నేల మీద నానిన కాగితంలా అయిపోతాయి. ఆ రోజుల్లో సముద్రం కూడా చప్పుడు తగ్గించుకున్నట్టు అనిపించేది. చేప ఎండదు, పాడవదు, ఊరికే చెమట పడుతుంది. పెద్దమ్మకి చిరాకు. నాకు మాత్రం ఆ రోజు స్కూలుకి నడుస్తుంటే ఎవరి కలలోనో నడుస్తున్నట్టుండేది. సరుగుడు తోట దాటి మలుపు తిరిగేదాకా తల ఎత్తే ఉంచి, రెండుసార్లు సైకిలుకి అడ్డం పడ్డాను. "పంతులమ్మగోరు, కింద సూసి నడండి" అని ఒకాయన కేకలేశాడు కూడా.

మధ్యాహ్నాలు వేరు. వేసవి చివర్లో పడమటి పక్క కొండల మీద నుంచి ఒకటి లేచేది. రెండింటికి బడిలో పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే కిటికీలోంచి నేను దాన్నే చూసేదాన్ని. పిడికిలంత మొదలై, మీద మీద పేర్చుకుంటూ, గోపురమంత అవుతుంది. పెద్దమ్మ దాన్ని కొండమబ్బు అనేది. సాయంత్రం ఇంటికి రాగానే ఒక్కటే ప్రశ్న.

"పీటేసిందా?"

అంటే ఆ మబ్బు పైభాగం పెరగడం మానేసి, పీటలాగా బల్లపరుపుగా పరుచుకుందా అని. పీట వేసిందంటే ఇంక అరగంట. గాలి, ఉరుము, పిడుగు, అన్నీ ఒక్కసారే. బరకాలు కప్పి రాళ్లు పెట్టుకోవాలి. వెయ్యకపోతే ఉత్తదే, చూసి మురిసిపోవడానికి. ఎన్నోసార్లు పీట వెయ్యకుండానే, పొద్దు వాలేసరికి అది గులాబీ రంగులోకి తిరిగి, అంచులు కరిగి, ఎవరో ఊదేసినట్టు పోయేది. అలా పోయిన సాయంత్రాలు నేను డాబా మీదే ఉండిపోయేదాన్ని, ఏం కరిగిపోయిందో గుర్తు చేసుకుంటూ.

ఫోనులో వాతావరణం చూపించే యాప్ ఒకటి ఉండేది నాకు. ఒకసారి పెద్దమ్మకి చదివి వినిపించాను. "ఏటి సెప్తాదది?" అంది. "మబ్బు బొమ్మ, కింద రెండు చినుకులు" అన్నాను. "నిన్న?" "అదే." "మొన్న?" "అదే." ఆ తర్వాత నేనే చదవడం మానేశాను. తుపాను హెచ్చరికలు వస్తే మాత్రం తప్పకుండా చదివించుకునేది. "అంత దూరం మన కళ్లానవు" అనేది. "మన కళ్లు" అనేది, అదేమిటో.

రెండో ఏడాది శ్రావణంలో వానలు మొండికేశాయి.

మా నాన్నకి చెరువు కింద రెండెకరాలు. ఆకుమడిలో నారు ఎదిగి ఉంది. చెరువులో నీళ్లు లేక ఉభాలు మొదలవలేదు. నారు తీసి పొలంలో నాటడానికి వేళ మించిపోతోంది. నారు ముదిరిపోతే నాటినా దుబ్బు కట్టదు. నాన్న రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. బాగున్నావా, తిన్నావా అని అడగడం కూడా మానేశాడు.

"పాపా, మీ కాడ మబ్బేటైనా ఉన్నాదా?"

ఆ నెలల్లో మబ్బు మా మీదుగా వెళ్లి అటు వాళ్ల వైపు పోతుందని ఆయన లెక్క. నేను ఈ వైపు ఊళ్లో ఉన్నాను గనక మబ్బు ముందు నాకే కనిపిస్తుంది. మూడుసార్లు కనిపించింది కూడా. మూడుసార్లూ నేను ఎగిరి గంతేసి ఫోన్ చేశాను. "నాన్నా, నల్లగా వస్తోంది, అడుగు పెనంలా ఉంది, మీ వైపే వస్తోంది" అని. మూడుసార్లూ అది దారిలోనే చెదిరిపోయింది. మూడోసారి నాన్న గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి ఎదురు చూశాడట. అమ్మ చెప్పింది. "నువ్వింక సెప్పకే. నోటితో అంటే పోతంది" అంది అమ్మ.

మాట వరసకి అన్నదే. నా మనసులో మాత్రం అది ముల్లులా దిగబడిపోయింది.

ఆ వారంలోనే సముద్రం నెత్తళ్లు కుమ్మరించింది. వేలెడంత వెండి చేపలు, తట్టల మీద తట్టలు. పెద్దమ్మ కూతురు కొనగలిగినన్ని కొని ఇంట్లో దించి, ముందురోజు ఎండిన సరుకు పట్టుకుని శ్రీకాకుళం వెళ్లిపోయింది, సాయంత్రానికి గానీ రాదు. పెరడంతా పచ్చి వాసన. ఏడున్నర అయింది. నేను జడ వేసుకుంటూ బయటికి వచ్చి తల ఎత్తాను.

సూర్యుడి చుట్టూ వరదగుడి కట్టి ఉంది.

అంతవరకూ చంద్రుడి చుట్టూ చూశాను గానీ సూర్యుడికి చూడ్డం అదే మొదలు. పల్చటి గంజిమబ్బు మీద, సూర్యుడు నడిమధ్యన, చుట్టూ దూరంగా, ముగ్గు గిన్నె అంచు బోర్లించి గీసినట్టు ఒక పెద్ద వలయం. లోపలి అంచు ఎర్రగా, బయటి అంచు తెల్లగా. అంత పెద్ద ఆకాశంలో అంత కొలిచినట్టు గీసిన గీత. చూస్తుంటే ఒళ్లు తేలికైపోయింది. దగ్గరగా కడితే వాన దూరం, దూరంగా కడితే వాన దగ్గర అని మా వైపూ అంటారు, పెద్దమ్మ కూడా అనేది. ఇది చాలా దూరంగా కట్టింది.

"పంతులమ్మా, మబ్బెలగున్నాది?"

చెప్పడానికి నోరు తెరిచాను. అమ్మ మాట గుర్తొచ్చింది. గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడ్డ నాన్న గుర్తొచ్చాడు. ఈసారి ఎవరికీ చెప్పను, నాన్నకీ చెప్పను, ఎవరి చెవినా వెయ్యకుండా ఉంటే ఈసారన్నా చేరుతుంది అనుకున్నాను. పసిపిల్లలు అనుకునే మాట అది. ఇరవై ఏడేళ్ల పంతులమ్మని, పిల్లలకి నీటిచక్రం పాఠం చెప్పేదాన్ని, సరిగ్గా అదే అనుకున్నాను.

"గంజిమబ్బే పెద్దమ్మా. పల్చగా ఉంది."

"అంతేనా?"

"అంతే."

"అయితే గాలికైనా ఆరతాయి" అంది ఆవిడ. తట్ట నెత్తినెత్తుకుని, చేతికర్రతో దారి తడుముకుంటూ, ఏరు సముద్రంలో కలిసే ఏటి ముఖం వైపు బయల్దేరింది. అక్కడ ఇసుక త్వరగా కాలుతుంది, చోటూ ఎక్కువ. పక్కింటావిడ రెండు తట్టలు మోసి సాయం పట్టింది. నేను జడ చివర రబ్బరు పెట్టుకుని స్కూలుకి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం దాకా అంతా తెల్లగానే ఉంది. అన్నాల బెల్లు తర్వాత తెలుపు బూడిద రంగులోకి దిగింది. బూడిద రంగు కిందికి జరిగింది. మూడింటికి మొదటి చినుకు కిటికీ రెక్క మీద పడి పెద్దగా శబ్దం చేసింది. పిల్లలు ఒక్కసారి హోరున అరిచారు. నేను పక్క క్లాసు మేష్టారికి చెప్పి చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాను.

మిగతా ఆడవాళ్లంతా నల్లబడటం కళ్లతో చూసి, ముందే ఎత్తేసుకుని వెళ్లిపోతున్నారు. ఎదురొస్తూ ఒకావిడ, "మీ పెద్దమ్మ ఏటి మొకం కాడే ఉన్నాది, ఎన్ని కేకలేసినా వినపడలేదు" అంది. ఆ గాలి హోరులో ఎవరి కేక ఎవరికి వినిపిస్తుంది?

నేను వెళ్లేసరికి ఆవిడ మోకాళ్ల మీద ఉంది. వాన కుండపోతగా పడుతోంది. వల కొస పట్టుకుని లాగుతూ, రెండో చేత్తో ఇసుక తడుముతూ, దొరికినవి దొరికినట్టు తట్టలో వేస్తోంది. చేపలకంటే తడి ఇసుకే ఎక్కువ పడుతోంది తట్టలో. నేను ఎదురుగా కూర్చుని చేతులు పెట్టాను. ఆవిడ నా వేళ్లు తగిలి ఆగింది.

"ఎవుర్దీ?"

"నేనే పెద్దమ్మా."

ఇద్దరం ఏరుతూనే ఉన్నాం. సగానికి సగం ఇసుకలో కలిసిపోయాయి. మిగిలినవి మూడో రోజుకి కంపు కొట్టి, పురుగు పట్టి, కోళ్ల మేతకి పోయాయి.

ఇల్లు చేరి, నేను తడిబట్టలతోనే నా గదిలో నిలబడి ఉండగా ఫోన్ మోగింది. నాన్న. నెల రోజుల తర్వాత ఆయన గొంతులో నవ్వు విన్నాను.

"పాపా, కురుస్తందే! గట్లు తెగేలాగున్నాది. వినపడతందా?" ఫోన్ వాన వైపు పట్టినట్టున్నాడు. సన్నగా హోరు వినిపించింది. ఇక్కడి హోరూ అదే. గోడ అవతల పెద్దమ్మ చేపల్ని పళ్లెంలో కడుగుతున్న చప్పుడు. "మంచిది నాన్నా" అని పెట్టేశాను.

దీపం పెట్టే వేళకి కూతురు శ్రీకాకుళం నుంచి వచ్చింది. నేను వెళ్లి ఇద్దరి ముందూ చెప్పేశాను. పొద్దున్న వరదగుడి చూశాను, చెప్పలేదు అని. ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాను. నా నోటితో చెబుతుంటే నాకే అది ఎంత చిన్నపిల్లల మాటలా ఉందో. కూతురు నోరు తెరవబోతే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత అంది.

"నెత్తళ్లు పోనాయని కాదమ్మా నా బాధ. సేపలు పోతాయి, వస్తాయి. నువ్వు సెప్పింది నాను సూసినాననుకుంటాను. నువ్వు సెప్పంది నా ఆకాశంలో లేదు. ఇయ్యాల పొద్దున నాకు అది లేదు గదా. అంత పెద్ద గుడి కడితే నాకు లేదు."

నేను లేచి నా గదిలోకి వచ్చేశాను.

మర్నాటి నుంచి నన్ను అడగడం మానేసింది. మళ్లీ వీధిలోకి వెళ్లి, ఎవరు దొరికితే వాళ్లని అడిగేది. "మబ్బుగుందప్పా" అనేవాళ్లు, "తేటగుంది" అనేవాళ్లు. నేను గదిలో కూర్చుని వింటూ, అలా కాదు, తూర్పున పొలుసు కట్టింది, ఉత్తరాన ఈక తిరుగుతోంది అని లోపల్లోపల అనుకునేదాన్ని. నాకు అంతవరకూ తెలీనిది ఒకటి అప్పుడు తెలిసింది. ఎవరికీ చెప్పకపోతే నాకూ మబ్బు సరిగ్గా కనిపించడం లేదు. పైకి చూస్తే తెల్లగా ఏదో ఉంది, అంతే.

నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు పెరట్లో నీళ్లు తోడుకుంటూ, ఆవిడ అడగకుండానే మొదలుపెట్టాను. ఆవిడతో అన్నట్టు కాకుండా, ఊరికే పైకి అంటున్నట్టు. "పడమట ఏమీ లేదు. నడినెత్తిన దూదిమబ్బులు మూడు, నాలుగు. అడుగు సదునుగా ఉంది. నైరుతి నుంచి మెల్లగా పోతున్నాయి. నా నీడ నల్లగా ఉంది." ఆవిడ పలక్కుండా అలాగే నిలబడింది. ఆ మర్నాడూ చెప్పాను. ఆ పైరోజూ చెప్పాను. తప్పు చేసిన పిల్ల గుంజీళ్లు తీసినట్టు రోజూ ఆకాశం అప్పజెప్పేదాన్ని.

పది రోజులకి ఒక పొద్దున్న, నేను చెప్పడం ముగించి బకెట్ ఎత్తబోతుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"తూరుపు పక్క సెప్పలేదు."

బకెట్ దించేశాను. తూర్పు పక్క సముద్రం మీద ఏముందో చూసి చెప్పాను. అడుగున ముదురు నీలం గీత, దాని మీద తెల్లటి గుబుర్లు, మధ్యలో వెలుగు కాళ్లు దిగినట్టు కిరణాలు. ఆ కిరణాలు తెగిపోయేదాకా నిలబడి చెప్పాను. ఆ రోజు స్కూలుకి ఆలస్యమయ్యాను.

ఆ కార్తీకంలో నాన్న కళింగపట్నం వచ్చాడు. కోత అయిపోయింది. పనలు కట్టి పొలంలోనే కుప్పలేసి ఉంచారు, నూర్పు ఇంకా కాలేదు. ఊరికే నన్ను చూసిపోదామని వచ్చాడు, నాలుగు పనలు ముందుగా కొట్టి చేయించిన కొత్త అటుకులు సంచిలో పట్టుకుని. నేను ఆయనకి చేపల సంగతి ఎప్పుడో చెప్పాను. వస్తూనే పెద్దమ్మ ఎదురుగా నేల మీద కూర్చుని, కాసేపు ఏమీ తోచనట్టు కండువా మడత పెట్టుకున్నాడు.

"అప్పా, మా పిల్ల మీ సేపలు పాడుసేసింది" అన్నాడు చివరికి.

"మీ వరి బాగు సేసింది గదా తమ్ముడా" అంది పెద్దమ్మ. అది దెప్పడమో, ఊరడించడమో నాకు అర్థం కాలేదు. నాన్నకీ అర్థమైనట్టు లేదు. పెద్దమ్మ కూతురు టీ తెచ్చి ఇచ్చింది.

సాయంత్రం ఇద్దరూ వీధరుగు మీద కూర్చున్నారు. సముద్రం మీద ఆకాశం మారుతోంది. పెద్దమ్మ, అలవాటుగా నన్ను కాకుండా, నాన్నని అడిగింది. "తమ్ముడా, నువ్వు సెప్పు. ఎలగున్నాది?"

నాన్న చాలాసేపు చూశాడు. "దుక్కి దున్నినట్టున్నాదప్పా."

"దుక్కంటే? సాలు సాలుగానా?"

"ఆఁ. సాలు పక్కన సాలు. బెడ్డలు కూడా ఉన్నాయి."

"పెద్ద బెడ్డలా, సిన్న బెడ్డలా?"

"అరసేతంత."

పెద్దమ్మ కళ్లు మూసుకుంది. నాన్న బెడ్డల్ని ఆవిడ పొలుసులుగా మార్చుకుంటోందని నాకు తెలుసు. చేపా, పొలమూ ఒకే మబ్బులో కలుసుకోవడం చూస్తూ నేను గుమ్మంలో నిలబడిపోయాను. జీవితంలో మొదటిసారి వాళ్లిద్దరికీ ఆకాశం నుంచి ఒకటే కావాలి. వాన రాకూడదు. ఆయన కుప్పలు తడవకూడదు, ఈవిడ చేపలు తడవకూడదు.

"వాన రేపు గాదు, ఎల్లుండి" అంది పెద్దమ్మ. "రేపు పొద్దున్నే ఎలిపో. కుప్పలు కప్పుకో. నాను కబురు సెప్తాను."

నాన్న మొదటి బస్సుకి వెళ్లిపోయాడు. ఫోనులో అల్పపీడనం కబురు ఆ మధ్యాహ్నమే వచ్చింది. మూడో రోజు తెల్లారేసరికి సముద్రం మీద నుంచి దుప్పటిమబ్బు వచ్చేసింది. అంచు లేదు, ఆకారం లేదు, ఆకాశమే కిందికి దిగినట్టు. సన్నటి జల్లు. పెద్దమ్మ చేపలు ఉప్పులో భద్రంగా ఉన్నాయి. నన్ను పిలిచి, మా నాన్న నంబరు కలిపి ఇమ్మంది. నేను మాట్లాడతానంటే వద్దంది.

"తమ్ముడా, మా మీదికొచ్చీసింది. గాలి తూరుపుది. నీ కాడికి మజ్జానానికొస్తాది. బరకాల మీద బరువులెట్టు, గాలికి లేస్తాది" అని గట్టిగా అరుస్తూ చెప్పింది, నిజంగా కోటబొమ్మాళి దాకా వినపడాలన్నట్టు. మధ్యాహ్నం ఒంటిగంటకి అక్కడ జల్లు పడిందట. ఒక కుప్ప మూల మాత్రం కాస్త తడిసిందని, మిగతావి పొడిగానే ఉన్నాయని అమ్మ చెప్పింది.

ఇంకో మూడేళ్లు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. తర్వాత పెళ్లయి, బదిలీ పెట్టుకుని, విజయనగరం వచ్చేశాను. ఇక్కడ మా ఇల్లు మూడో అంతస్తు. చుట్టూ అపార్టుమెంట్లు. ఆకాశం ముక్కలుగా దొరుకుతుంది. బట్టలు ఆరేసే తీగ దగ్గర నిలబడితే పడమటి పక్క కొంచెం కొండమబ్బు కనిపిస్తుంది. పీట వేసిందో లేదో చూసి, బట్టలు తీస్తాను.

నేను వచ్చేసినా నాన్నకీ పెద్దమ్మకీ ఫోన్లు ఆగలేదు. ఇప్పుడు నాకంటే వాళ్లే ఎక్కువ మాట్లాడుకుంటారు. పెద్దమ్మకి కూతురు చెబుతుంది, పెద్దమ్మ నాన్నకి చెబుతుంది. "తెల్లారకముందే ఫోనెట్టి లేపేస్తాదే మీ పెద్దమ్మ" అని నాన్న విసుక్కుంటాడు. ఫోన్ రాని రోజు మాత్రం తనే చేస్తాడు.

ఆవిడకి ఇప్పుడు ఆ బొట్టుబిళ్లంత చూపు కూడా లేదు. పోయిన వేసవి సెలవుల్లో వెళ్లి రెండు రోజులున్నాను. పెరట్లో చాప వేసుకుని పక్కపక్కన పడుకున్నాం, పొద్దు ఇంకా ఉంది. పైన దూదిమబ్బులు ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా పోతున్నాయి. నేను చెబుతూ ఉన్నాను. మధ్యలో ఆపి, "నీకు ఎలా కనిపిస్తుంది పెద్దమ్మా, నేను చెబుతుంటే?" అని అడిగాను.

"నువ్వు సెప్తంటే కనబడదమ్మా, తెలుస్తాది. కనబడ్డం కలలోనే. కలలో అన్నీ కనబడతాయి, ఎంత తేటగానో. ఒక్కో మబ్బు పడవంత. కలలో సేపలెండెయ్యను గదా, మరేటీ బెంగుండదు. ఊరికే సూస్తాను."

చీకటి పడేదాకా అలాగే ఉన్నాం. దోమలు మొదలయ్యాక కూతురు వచ్చి చాప ఎత్తమంది.